తాతల పాట, మనవరాళ్ళ గొంతు

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అంబేడ్కర్ జయంతి సభల సందర్భంగా తెలుగు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)



ఇందాక నన్ను పరిచయం చేసిన చెల్లి 'అక్క సంగీతం గురించి మాట్లాడతారు' అంది. నాకు సంగీతం రాదు. నేను చదివిందీ, పాఠం చెప్పేదీ సమాజశాస్త్రం. కాబట్టి రాగాల జోలికి పోను. పాట ఎవరి దగ్గర్నుంచి ఎవరికి పోతుంది, పోయేటప్పుడు ఎవరు అడ్డం పడతారు, పాడినందుకు కూలి ఎవరిస్తారు, ఇవీ నాకు తెలిసిన ప్రశ్నలు. నా తెలుగులో మధ్యమధ్య బిలాస్‌పూర్ హిందీ దొర్లుతుంది. ఇక్కడ కూర్చున్నవాళ్ళకి అది కొత్త కాదులెండి.

ముందు ఒక వాద్యం సంగతి. దాని పేరు కోరా. పశ్చిమ ఆఫ్రికాలో గాంబియా, సెనెగల్, మాలీ, గినీ దేశాల్లో వాయిస్తారు. పెద్ద సొరకాయ బుర్రని సగానికి కోసి, దాని మీద ఆవు తోలు బిగించి, పొడవాటి కర్ర దూర్చి, 21 తీగలు కడతారు. రెండు చేతుల బొటనవేళ్ళతో, చూపుడు వేళ్ళతో మీటుతారు. ఒక్క మనిషే వాయిస్తున్నా ముగ్గురు వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. ఇంటికెళ్ళాక ఫోన్‌లో వెతికి వినండి, నేనెంత చెప్పినా లాభం లేదు.

ఆవు తోలు అనగానే మనకి ఒక లెక్క గుర్తొస్తుంది. తోలు ముట్టినవాడు మైల, వాడి వాద్యం మైల, వాడి వాడ ఊరికి బయట. అక్కడ ఆ లెక్క లేదు. తోలుకి మైల లేదు. అయినా కోరా వాయించేవాళ్ళు పుట్టుకతో వేరైన ఒక గుంపు. వాళ్ళని మాందింగ్ భాషల్లో జెలి అంటారు, ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు గ్రియో. ఈ ఒక్క సంగతి కోసమే మిమ్మల్ని అంత దూరం తీసుకెళ్తున్నాను. మనం నల్లజాతి పోరాటం గురించి చదువుతాం. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు ఆ పేరు అమెరికా నుంచి వచ్చిందని తెలుసు. జాతికీ కులానికీ పోలిక మీద సెమినార్లు పెడతాం. కానీ ఆఫ్రికా లోపల పుట్టుక గీతలు ఎలా ఉన్నాయో మన క్లాసుల్లో ఎవరూ చెప్పరు. ఆఫ్రికా మొత్తం ఒకటే అణగారిన జనం అనుకుని ఊరుకుంటాం. అది గౌరవం కాదు, వాళ్ళ చరిత్రని చదవకపోవడమే.

మాందింగ్ సమాజంలో పాత విభజన మూడు వరసలది. పైన హోరోన్, అంటే స్వతంత్రులు, రాజవంశాలు, రైతులు. కింద జోన్, అంటే బానిసలు. మధ్యలో న్యామకలా, వృత్తులవాళ్ళు. కమ్మరులు, తోలుపని వాళ్ళు, పాటగాళ్ళు ఇందులోకి వస్తారు. కూయాతే, దియాబాతే, సిస్సోకో ఇవి జెలి ఇంటిపేర్లు. మాలీలో దియాబాతే అనేదే గాంబియాలో జొబార్తే అవుతుంది. పెళ్ళిళ్ళు వాళ్ళలో వాళ్ళకే. తాల్ తమారి అనే పరిశోధకురాలు 1991లో రాసిన వ్యాసంలో పశ్చిమ ఆఫ్రికాలోని ఈ ఏర్పాటుకి కులం అనే మాటనే వాడింది. అది సరైన మాటేనా కాదా అని వాదించేవాళ్ళు ఉన్నారు. నా మట్టుకు నాకు మన అంటరానితనానికీ దానికీ చాలా తేడా ఉంది. జెలికి రాజు పక్కన కూర్చునే చోటు ఉండేది. దొరని మొహం మీదే నిలదీసే హక్కు, కానుక అడిగి తీసుకునే హక్కు ఉండేవి. మన మాదిగ, మాల పాటగాడు దొర ఎదుట చెప్పులతో నిలబడగలిగాడా? కానీ తేడా ఉందని పోలిక మాయమైపోదు. సెనెగల్‌లో సెరేర్ ప్రాంతాల్లో గ్రియో చనిపోతే మట్టిలో పాతిపెట్టేవారు కాదు. అతన్ని కప్పుకున్న నేల గొడ్డుబోతుందని నమ్మకం. బావోబాబ్ చెట్టు తొర్రలో పెట్టేవారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, 1960లలో గానీ ఆ ఆచారం ఆగలేదు. శ్మశానం దగ్గర గీత గీసే సమాజాన్ని గుర్తుపట్టడానికి మనకి పుస్తకం అక్కర్లేదు.

ఈ గీత రెండు వైపులా కోస్తుంది. మాలీ గాయకుడు సలీఫ్ కెయితా పేరు మీలో కొందరు వినుంటారు. 13వ శతాబ్దంలో మాలీ సామ్రాజ్యం స్థాపించిన సుంజాతా కెయితా వంశం వాడు. అంటే హోరోన్. పాడటం అతని పుట్టుకకి నిషిద్ధం. పాటలోకి వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. అతనికి చోటిచ్చింది ఏంటో తెలుసా? రైల్వే. 1970లో మాలీ రైల్వే సంస్థ అండతో బమాకో స్టేషన్ హోటల్లో ఒక బృందం మొదలైంది. పేరే రైల్ బ్యాండ్. ప్లాట్‌ఫారం పక్కన, డాకార్ రైలు కోసం ఎదురుచూసే జనానికి పాడేవాళ్ళు. రాజవంశం వాడు, జెలి కుటుంబాల వాళ్ళు అక్కడ ఒకే బృందంలో వాయించారు. రైల్వే కాలనీలో మాట్లాడుతున్నాను కాబట్టి దీన్ని కొంచెం గట్టిగానే చెప్తున్నాను. రైలు కులాన్ని చంపుతుందని నేను అనను, మన కాలనీలో సఫాయి క్వార్టర్లు ఏ వైపున ఉండేవో అందరికీ తెలుసు. కానీ రైలు జీతం ఇస్తుంది. జీతానికి తాత వృత్తి అడగదు.

ఇక ఆడవాళ్ళ దగ్గరికి వస్తాను.

జెలి కుటుంబంలో ఆడపిల్ల పాడటానికి అడ్డు లేదు. నిజానికి పాట ఆడవాళ్ళదే. పెళ్ళిలో, పేరుపెట్టే వేడుకలో వంశాల చరిత్ర పాడి కానుకలు అందుకునేది వాళ్ళే. మాలీ రేడియో వచ్చాక కాందియా కూయాతే లాంటి వాళ్ళకి మగ వాద్యకారులకి లేని పేరు, డబ్బు వచ్చాయి. లూసీ దురాన్ అనే సంగీత పరిశోధకురాలు 1995లో వాళ్ళ గురించే ఒక వ్యాసం రాసింది. కానీ వాద్యాలు మగవాళ్ళవి. కోరా, బాలాఫోన్, న్గోనీ తండ్రి నుంచి కొడుక్కి పోతాయి. ఆడవాళ్ళ చేతికి ఇచ్చింది ఒక ఇనప గొట్టం, దాని మీద గీరే పుల్ల. తాళం వేయడానికి. గొంతు మీది, స్వరం కట్టేది మేము అన్నమాట. మన ఇళ్ళల్లో వంట మీది, జీతం మాది అన్నట్టు.

ఇక్కడ సోనా జొబార్తే సంగతి చెప్పాలి. 1983లో లండన్‌లో పుట్టారు. తాత అమదు బన్సాంగ్ జొబార్తే గాంబియాలో పేరున్న కోరా విద్వాంసుడు. తండ్రి సంజల్లీ జొబార్తే కూడా అదే విద్య. సోనా లండన్‌లో చెల్లో నేర్చుకుంటూనే కోరా పట్టుకున్నారు, తండ్రి దగ్గర నేర్చుకున్నారు. గ్రియో కుటుంబం నుంచి వృత్తిగా కోరా వాయించిన మొదటి స్త్రీ అని ఆమెని చెప్తారు. 2011లో వచ్చిన ఆల్బం పేరు 'ఫాసియా', అంటే వారసత్వం. గాంబియాకి స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్ళయిన సందర్భంలో ఆమె పాడిన పాట వీడియోని కోట్ల మంది చూశారు.

ఇలాంటి కథని పత్రికలు ఎలా రాస్తాయో మీకు తెలుసు. 'ఏడు వందల ఏళ్ళ సంప్రదాయాన్ని బద్దలు కొట్టిన ధీర వనిత.' నాకు ఆ వాక్యం పనికిరాదు. ఎందుకంటే అదే తాతకి గాంబియా పల్లెల్లో ఇంకా మనవరాళ్ళ వరస ఆడపిల్లలు ఎంతోమంది ఉంటారు. వాళ్ళకి తెగువ లేకనా? సోనాకి తెగువతో పాటు లండన్ ఉంది, సంగీత పాఠశాల ఉంది, నేర్పడానికి ఒప్పుకున్న తండ్రి ఉన్నాడు. ఇది ఆమెని తగ్గించడం కాదు. ఆ తేడా ఆమెకే బాగా తెలుసని నేను అనుకుంటాను. అందుకే 2015లో గాంబియాలో కార్తోంగ్ అనే ఊళ్ళో ఒక బడి పెట్టారు. అక్కడ పిల్లలు లెక్కలు, సైన్సు చదువుతారు, కోరా, బాలాఫోన్, డోలు నేర్చుకుంటారు. ఆడా మగా కలిసి. ఆమె చేసినవాటిలో నాకు నచ్చింది ఆల్బం కన్నా ఇది. రక్తంలో ఉందనే విద్యని తీసుకెళ్ళి సిలబస్‌లో పెట్టడం. రక్తంలో ఉందంటే దాన్ని ఎవరికీ నేర్పక్కర్లేదు, ఎవరికి దక్కలేదో లెక్క చెప్పక్కర్లేదు. సిలబస్‌లో ఉంటే ఎవరైనా వచ్చి అడగొచ్చు.

మదీనా న్జాయే అని మాలీలో ఇంకొకామె సోనా కన్నా ముందే కోరా పట్టారు. ఆమె జెలి కుటుంబం కాదు. అంటే రెండు గీతలు దాటాలి, ఆడతనం ఒకటి, పుట్టుక ఒకటి. ఆమె పేరు మనలో ఎవరూ వినలేదు. వారసురాలికి దొరికే వెలుగు బయటిదానికి దొరకదు, ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

దక్షిణాన జింబాబ్వేలో వాద్యం వేరు. చెక్కపలక మీద ఇనప పట్టీలు బిగించి బొటనవేళ్ళతో మీటే మ్బిరా. అది పూర్వీకుల ఆత్మల్ని పిలిచే పూజల్లో వాయిస్తారు. తెల్లవాళ్ళ పాలనలో మిషనరీలు దాన్ని దెయ్యాల పని అన్నారు, ఊళ్ళో మగవాళ్ళు ఆడదానికి నేర్పమన్నారు. రెండు వైపుల నుంచీ తలుపు వేశారు. 1946లో పుట్టిన స్టెల్లా చివేషే 1960లలో నేర్చుకోవాలని తిరిగితే, చివరికి తాత వరసైన ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. 2023 జనవరిలో ఆమె కన్నుమూసే దాకా దాన్ని వదల్లేదు. ఆ తర్వాతి తరంలో చివోనిసో మరైరే తండ్రి దుమిసాని దగ్గర మ్బిరా నేర్చుకున్నారు. 1976లో పుట్టి, 2013లో 37 ఏళ్ళకే పోయారు.

ఆఫ్రికా నుంచి మన దేశానికి వచ్చిన సంగీతం కూడా ఉంది. సిద్దీలు. గుజరాత్‌లో రతన్‌పూర్ అనే చోట బావా గోర్ దర్గా ఉంది. మన బిలాస్‌పూర్ పక్క మహామాయ రతన్‌పూర్ కాదు, అది వేరే. అక్కడి సిద్దీల డోలు ఆటకి గోమా అని పేరు, తూర్పు ఆఫ్రికా స్వాహిలీలో న్గోమా అంటే డోలు. బావా గోర్ చెల్లెలు మాయి మిశ్రా. ఆమె పేరుతోనే ఒక వాద్యం ఉంది, కొబ్బరి చిప్పలో గింజలు పోసి గలగలలాడించేది. ఆ దర్గాలో ఆడవాళ్ళకి తమ దేవత ఉంది, తమ పాటలు ఉన్నాయి. కానీ సిదీ గోమా పేరుతో విదేశాలు తిరిగిన బృందం మగవాళ్ళది. హైదరాబాద్‌లో మనకి ఏసీ గార్డ్స్ ఉంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం గుర్రపు దళం. వనపర్తి సంస్థానం నుంచి నిజాంకి చేరిన ఆఫ్రికన్ సైనికుల వారసులు అక్కడ ఉంటారు. రాజ్యం పోయాక ఉద్యోగం పోయింది. మర్ఫా డప్పులు మిగిలాయి. హైదరాబాద్ పెళ్ళి బారాత్‌లో మర్ఫా మోగితే అందరూ ఊగుతారు, వాయించేవాళ్ళు ఎవరో ఎవరూ అడగరు. ప్రభుత్వం అడిగింది. 2007 నాటి బీసీ-ఇ జాబితాలో సిద్దీ, యాబా, హబ్షీ, జాసీ అని ఒక వరస ఉంటుంది, చూడండి. బారాత్ ముందు మర్ఫా కొట్టేది మగవాళ్ళే. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఏం పాడతారు, ఎక్కడ పాడతారు? మీలో హైదరాబాద్‌లో పీజీ చేస్తున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఇది మీ పని.

ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌కి వద్దాం. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో భర్తృహరి అంటే సుభాషితాలు. ఇక్కడ భర్తరీ అంటే కథాగానం. రాజ్యం వదిలి జోగి అయినవాడు, గురువు మాట మీద సొంత భార్య గుమ్మం ముందు నిలబడి ఆమెని తల్లీ అని పిలిచి భిక్ష అడగాలి. నాథ జోగులు సారంగి పట్టుకుని ఊరూరా పాడిన కథ ఇది. అంటే మగవాళ్ళు పాడిన సన్యాసం. దాన్ని ఈ బిలాస్‌పూర్‌లో ఇంటింటికీ వినిపించింది ఒక ఆడగొంతు, సూరుజ్ బాయి ఖాండే. ఆ కథని జోగి పాడితే సన్యాసి కథ. ఆడది పాడితే గుమ్మంలో భిక్షాపాత్ర ముందు నిలబడిపోయిన భార్య కథ. కథలో ఒక్క మాట మార్చక్కర్లేదు. భర్తరీతో పాటు ఢోలా-మారూ, చందైనీ కూడా పాడేవారు. చిన్నతనంలోనే అమ్మ తండ్రి దగ్గర నేర్చుకున్నారు. 1980లలో సోవియట్ రష్యాలో జరిగిన భారత ఉత్సవానికి వెళ్ళి పాడి వచ్చారు. బతుకు గడిచింది ఎస్‌ఈసీఎల్‌లో నాలుగో తరగతి ఉద్యోగంతో. 2018 మార్చిలో ఇక్కడే కన్నుమూశారు. పద్మ పురస్కారం రాలేదు. ఇంటిపేరు వినగానే కులం లెక్కగట్టే ప్రాంతం ఇది, ఆ లెక్క నేను చెప్పక్కర్లేదు.

తీజన్ బాయి మీకు ఇంకా బాగా తెలుసు. 1956లో భిలాయి దగ్గర గనియారీలో పుట్టారు, పార్ధీ సమాజం. ఆమె కూడా అమ్మ తండ్రి దగ్గరే పాండవానీ నేర్చుకున్నారు. అప్పట్లో ఆడవాళ్ళు పాడితే కూర్చుని పాడాలి, దాన్ని వేదమతి పద్ధతి అంటారు. నిలబడి, అడుగులేసి, తంబూరాని గదలా తిప్పుతూ పాడే కాపాలిక పద్ధతి మగవాళ్ళది. ఆమె నిలబడ్డారు. 13 ఏళ్ళకి పక్క ఊళ్ళో మొదటి ప్రదర్శనకి 10 రూపాయలు ఇచ్చారు. పాడుతున్నందుకు సొంత సమాజం వెలేసింది. ఆ తర్వాత 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్. ఆమెకీ ఉద్యోగం ఉండేది, భిలాయి ఉక్కు కర్మాగారంలో.

ఈ ఇద్దరి జీవితాల్లో రెండు సంగతులు ఒకేలా ఉన్నాయి చూడండి. నేర్పింది తండ్రి కాదు, అమ్మ తండ్రి. తండ్రి వైపు వారసత్వం కొడుకు కోసం ఆగుతుంది, పరువు లెక్క చూస్తుంది. అమ్మ వైపు తాతకి మనవరాలి విషయంలో ఆ బెంగ తక్కువేమో. ఇది నా ఊహ, ఇద్దర్ని చూసి సూత్రం కట్టను. రెండోది ఊహ కాదు. బొగ్గు, ఉక్కు. ప్రభుత్వ రంగంలో నెల జీతం. పెళ్ళివాళ్ళు విసిరే నోటు మీద, దొర ఇచ్చే గింజల మీద ఆధారపడకుండా పాడగలిగారంటే దాని వెనక ఆ జీతం ఉంది. కళాకారుల ఇంటర్వ్యూల్లో గురువు ఎవరు, దైవం ఎవరు అని అడుగుతారు, ప్రావిడెంట్ ఫండ్ ఉందా అని అడగరు. ఇవాళ ఆ నాలుగో తరగతి పనులు చాలావరకు కాంట్రాక్టుకి పోయాయి. రేపు ఇంకో సూరుజ్ బాయి వస్తే ఆమె ఎక్కడ చేరాలి?

ఇక డప్పు. మీ కల్చరల్ టీమ్‌లో దీని మీద గొడవ జరుగుతోందని విన్నాను. సగం మంది డప్పు మన ఆత్మగౌరవం అంటున్నారు, సగం మంది తాతలు వదిలించుకున్నదాన్ని మళ్ళీ మెడకి తగిలించుకోవడం ఏంటి అంటున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మా ఇంటి సంగతి చెప్తాను.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాగ్‌పూర్ నుంచి ఈ ఊరి మీదుగా అసన్‌సోల్ దాకా 1891లో పూర్తయింది. ఆ లైను వెంబడి ఖరగ్‌పూర్ దాకా తెలుగువాళ్ళు ఎలా నిండారో మీకు తెలుసు. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. ఊళ్ళో ఆయన డప్పు కొట్టేవాడు. చావుకి, జాతరకి, చాటింపుకి. కొడితే కళ్ళంలో నాలుగు కుంచాల గింజలు, కొట్టనంటే వీపు మీద దెబ్బలు. రైలెక్కినప్పుడు డప్పు తీసుకురాలేదు. మా నాన్న అడిగితే కూడా ఎలా వేడి చేయాలో, ఎక్కడ కొట్టాలో చూపించలేదు. 'అది ఆళ్ళది, మనది కాదు' అనేవాడట. ఎంత పెద్ద మాట అది! తరాలుగా మా చేతిలో ఉన్న వాద్యం మాది కాదు, కొట్టించినవాళ్ళది. మా మామ్మ మాత్రం పాటలు తెచ్చుకుంది. జోలపాటలు, చనిపోయినవాళ్ళ మీద ఏడుపు పాటలు. కాలనీలో ఎవరు పోయినా ఆమెని పిలిచేవారు. దొర పొలంలో నాట్లప్పుడు పాడిన పాటలు మాత్రం ఎంత బతిమాలినా పాడేది కాదు. నోరు తెరిస్తే నడుం నొప్పి గుర్తొస్తుందే అనేది.

ఏది వారసత్వం, ఏది వెట్టి అన్న తేడా ఆ ఇద్దరూ ఏ పుస్తకం చదవకుండా తేల్చారు. వద్దనే హక్కు ఉంటే వారసత్వం, లేకపోతే వెట్టి. మహారాష్ట్రలో మహర్ వతన్ సంగతి చదవండి. ఊరి చాకిరీ అంతా చేసినందుకు చిన్న భూమి ముక్క, ఇంటింటి బలుతా గింజలు. దాన్ని మహర్లే చాలామంది పూర్వీకుల హక్కు అని గర్వంగా చెప్పుకునేవారు. బాబాసాహెబ్ అది హక్కు కాదు, సంకెల అని 1928లో బొంబాయి కౌన్సిల్లో బిల్లు పెట్టారు. ఆయన పోయాక గానీ ఆ వతన్లు రద్దు కాలేదు. సొంత జనం గర్వపడేదాన్ని వదలమని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఆడపిల్లకి ఈ ప్రశ్న ఇంకా పదునైంది. కుటుంబ సంప్రదాయం కొనసాగించింది అని ఒక స్త్రీ గురించి రాసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. జోగిని కూడా కుటుంబ సంప్రదాయమే. తల్లి నుంచి కూతురికి వచ్చిందే. ఆ పిల్ల కూడా ఆడేది, పాడేది. దాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. మహారాష్ట్ర తమాషాలో ఆడిన దళిత స్త్రీల గురించి శైలజా పైక్ 2022లో ఒక పుస్తకం తెచ్చారు, 'ది వల్గారిటీ ఆఫ్ కాస్ట్'. లైబ్రరీలో తెప్పించుకుని చదవండి. కళ అని చప్పట్లు కొట్టిన చేతులే వాళ్ళని అశ్లీలం అన్నాయి, ఆ మచ్చ వాళ్ళ కులం మొత్తం మీద వేశాయి. అలాంటి చోట కూతుర్ని పాటకి దూరంగా బడికి పంపిన తల్లి సంప్రదాయాన్ని చంపిందని ఎవరైనా అంటే, ఆ మనిషితో నేను వాదించను కూడా వాదించను.

అలాగని పాట అక్కడితో ఆగలేదు. అదే తమాషా నుంచి రూపం తీసుకుని 1930లలో అంబేడ్కరీ జల్సాలు వచ్చాయి. దేవుడి స్తుతి ఉన్నచోట బాబాసాహెబ్ మాట వచ్చింది. ఇవాళ ఔరంగాబాద్ వైపు కడుబాయి ఖరాత్ ఏక్‌తారి పట్టుకుని భీమ్ పాటలు పాడుతుంటే లక్షల మంది వింటున్నారు. పాట తండ్రి దగ్గర నేర్చుకున్నదే. తండ్రి భజన నుంచి కూతురి భీమ్ గీతానికి వచ్చేసరికి తీగ అదే, ఎవరి గురించి పాడాలో ఆమె తేల్చుకున్నారు. మన దగ్గర చిందు ఎల్లమ్మని గుర్తు చేసుకోండి. మాదిగల మీద ఆధారపడి బతికే చిందు కులంలో పుట్టి, యక్షగానంలో ఆడవేషాలూ మగవేషాలూ వేసి, 2005లో పోయారు. 1994లో దండోరా మొదలయ్యాక డప్పు తెలుగు నేల మీద ఇంకోలా మోగింది. దొర చెప్పిన చాటింపు కాదు అది, మాకు రావాల్సినది ఏదీ అని అడిగిన చప్పుడు. ఇప్పుడు యూనివర్సిటీల్లో ఆడపిల్లలు కూడా డప్పు కొడుతున్నారు. పాత ఊళ్ళో డప్పు మగవాళ్ళదే కదా. అంటే వాళ్ళు తాత పనిని కొనసాగించడం లేదు, కొత్త పని చేస్తున్నారు.

కాబట్టి మీ టీమ్‌కి నా సలహా ఇంతే. డప్పు పెట్టుకుంటే టీమ్‌లో ప్రతి ఒక్కరూ నేర్చుకోండి. పేటల నుంచి వచ్చిన కుర్రాళ్ళ చేతికి డప్పు, మిగతావాళ్ళకి గిటారు, మైకు అని పంచితే అది మళ్ళీ పాత ఊరే. అమ్మాయిలకి తాళాలు ఇచ్చి వెనక నిలబెడితే అది ఆ ఇనప గొట్టమే. నేర్పడానికి ఎవరైనా పెద్దాయన వస్తే ఆయనకి శాలువా కాదు, ఫీజు ఇవ్వండి. క్లాసు చెప్పినందుకు నాకు ఇస్తారు కదా. కొట్టనన్నవాళ్ళని ఎందుకు కొట్టవు అని అడగకండి.

ఇంకో పని ఉంది, అది ఈ కాలనీలోనే చేయొచ్చు. గురు ఘాసీదాస్ యూనివర్సిటీలో చదివే పిల్లలు ఇక్కడ పదిహేను మంది దాకా ఉన్నారు. మీ ఇళ్ళల్లో, పక్క క్వార్టర్లలో అరవై దాటిన ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పాటలు రికార్డు చేయండి. పాట ఒక్కటే చాలదు. ఎవరు నేర్పారు, అమ్మ వైపా నాన్న వైపా, ఎక్కడ పాడేవారు, పాడినందుకు ఎవరేమిచ్చారు, పాడొద్దని ఎవరన్నారు, ఏ పాట ఇప్పుడు పాడనంటున్నారు, ఇవన్నీ రాసుకోండి. పాడనన్న పాట పేరు కూడా రాయండి, ఎందుకు పాడనన్నారో రాయండి, బలవంతం మాత్రం చేయొద్దు. వాళ్ళ అనుమతి లేకుండా ఫోన్‌లోంచి ఎక్కడా పెట్టొద్దు. తెలుగు లిపి రాని పిల్లలు దేవనాగరిలో రాసుకున్నా పర్లేదు, తర్వాత కూర్చుని మారుద్దాం. వచ్చే నెల రెండో ఆదివారం నేను మళ్ళీ వస్తాను. అప్పటికి ఒక్కొక్కరు ఒక్క మామ్మ దగ్గరికైనా వెళ్ళొచ్చి ఉండాలి. ప్రశ్నలు ఉంటే ఇప్పుడు అడగండి, వెనక కూర్చున్న అమ్మాయిలతో మొదలుపెడదాం.